ఇంట్లో నీళ్ళ పొదుపు దండగట!

ఎండలు ముదిరాయంటే చాలు, ఆ మెసేజ్ లేచి వస్తుంది. "ఇంట్లో నీళ్ళు పొదుపు చెయ్యమనడం పెద్ద మోసం: ఏడు నిజాలు" అని. ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, కాలేజీ గ్రూపులో వచ్చింది, పోనీలే అనుకున్నా. సంపు అడుగంటి ట్యాంకర్ కోసం పడిగాపులు కాస్తున్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అదే పెట్టి, కింద వరసగా చప్పట్ల బొమ్మలు కొడుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

మొదటి నిజం: నీళ్ళలో ఎనభై శాతం పైగా సేద్యానికే పోతుంది, మన బకెట్టెంత? ఇందులో ముందు సగం నిజమే. కానీ ఎక్కడో రైతు మోటారు కట్టేస్తే హైదరాబాద్ మణికొండలో మీ బోరు నిండదు. పైగా శివార్లలో పంట మానేసి, ఆ బోరు నీళ్ళనే ట్యాంకర్లకు అమ్ముకుంటున్నవాళ్ళు ఉన్నారు. కొంటున్నది మనమే.

రెండోది: నీళ్ళు ఎక్కడికీ పోవు, ఆవిరై మళ్ళీ వానై వస్తాయి. వస్తాయి. మీ మూడో ఫ్లోరు బాత్రూంలోకే రావాలని రూలేమీ లేదు.

మూడోది: నెలకు 20 వేల లీటర్లు ఉచితమైతే పొదుపెందుకు? 2021 జనవరిలో గ్రేటర్ హైదరాబాద్‌లో మొదలైన పథకం అది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు చాలు. కానీ ఉచితమైంది బిల్లు మాత్రమే, నీళ్ళు తేవడానికయ్యే ఖర్చు కాదు. మనకు నీళ్ళొచ్చే నాగార్జునసాగర్ నిండా ఉన్నా నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ ఉన్నది దాదాపు 1,750 అడుగుల ఎత్తున. వంద కిలోమీటర్ల పైన దూరం నుంచి, కరెంటు పెట్టి అంత ఎత్తుకు తోడిన నీళ్ళతో మనవాళ్ళు కార్లు కడుగుతారు. 2024 ఎండాకాలంలో బెంగళూరులో తాగునీళ్ళతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. అక్కడున్న మీ అబ్బాయిని అడగండి, ఆ మార్చి ఎలా గడిచిందో చెబుతాడు.

ఇక నాలుగోది. నాకు ఒళ్ళు మండింది దీని దగ్గరే. "నీళ్ళు తగ్గితే పొదుపు కాదు, బోరు ఇంకో ఐదొందల అడుగులు దింపండి. పాతాళ గంగకు అంతు లేదు, అంత శుద్ధమైన నీరూ లేదు." ఇది రాసినాయనకు కచ్చితంగా రిగ్గు లారీలున్నాయి.

మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటండీ. పైన మెత్తబడిన రాతిపొరలోనూ, దాని కింద పగుళ్ళలోనూ తప్ప నీళ్ళకు చోటు లేదు. ఆ పగుళ్ళు కూడా చాలామటుకు మొదటి మూడు నాలుగు వందల అడుగుల్లోనే. దిగేకొద్దీ పలచబడిపోతాయి. అంతకంటే లోతున అసలు పడవని కాదు, పడ్డ బోర్లూ ఉన్నాయి. అయితే అక్కడి నీరు ఏళ్ళ తరబడి మెల్లగా చేరింది. ఒక ఎండాకాలంలో తోడేస్తే, ఒక వానాకాలంలో నిండదు. లేదా, పక్కింటాయన బోరుకు నీళ్ళిచ్చే పగులే మీకూ తగిలి ఉంటుంది. ఆయనది ఎండుతుంది, ఆయన మీకంటే వంద అడుగులు ఎక్కువ దింపుతాడు. తర్వాత వంతు మళ్ళీ మీది.

మా వీధిలో చూశాం కదా. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన స్థలమంతా తిరిగాడు. కాయ లేచి నిలబడ్డ చోట పసుపు, కుంకుమ, పూజ. రాత్రంతా రిగ్గు మోత. తెల్లారేసరికి కిటికీల మీద, కార్ల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి రాతిపొడి. వెయ్యి అడుగులు దాటినా పొడే! లోతుకు తగ్గట్టు అడుగు రేటు పెంచి, అణా పైసలతో కట్టించుకుని రిగ్గు వెళ్ళిపోయింది. చుక్క పడకపోయినా డబ్బులివ్వాలన్న నిజం ఆ ఏడింటిలో లేదేం?

శుద్ధమైన నీరట. రాతిని ఎక్కువకాలం అంటిపెట్టుకున్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగే వీలుంది. కాళ్ళు వంకరపోయి, నడుములు వంగిపోయిన నల్గొండ పల్లెల్ని చూసిన రాష్ట్రంలో ఈ మాట రాయడానికి గుండె కావాలి. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని దేశవిదేశాల్లో నల్గొండ టెక్నిక్ అంటారు. ఆ పేరు మనకు సన్మానం చేసి ఇచ్చింది కాదు. అన్నట్టు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకు అనుమతి తీసుకోవాలి. మీరు తీసుకునే ఉంటారు లెండి.

ఐదోది: ఆర్వో మెషీను వదిలే నీళ్ళు విషం, ముట్టుకోవద్దు. అవి మీ నల్లా నీళ్ళే, ఉప్పులు కాస్త చిక్కబడ్డాయి, అంతే. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి భేషుగ్గా పనికొస్తాయి. అసలు మీ నల్లా నీళ్ళ టీడీఎస్, అంటే లీటరులో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో, ఒకసారి చూడండి. 500 లోపుంటే ఉప్పులు తీయడానికని ఆర్వో అక్కర్లేదు. బిందె నీళ్ళకు రెండు మూడు బిందెలు మోరీలో పొయ్యక్కర్లేదు.

ఆరోది: ఇంకుడు గుంతలో దోమలు. కంకర, ఇసుక సరిగ్గా నింపిన గుంతలో నీళ్ళు నిలవవు. నిలిస్తే పూడిక తియ్యండి.

ఏడోది: కారే నల్లా కట్టేస్తే ఏం మిగులుతుంది? ఇక్కడ మాత్రం ఆయనకే నా ఓటు. సెకనుకో చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరనుకుంటే నాలుగు లీటర్ల పైచిలుకు, ఒక్క ఫ్లష్ అంత. పోస్టర్ల మీద ఏళ్ళుగా ఆ చుక్క బొమ్మే వేసి జనానికి విసుగు పుట్టించారు. అసలు నీళ్ళు పోయేది వేరే చోట. పైన ట్యాంకు నిండి, ఓవర్‌ఫ్లో పైపు పార్కింగులోకి ధారగా పోస్తుంటుంది. మోటారు కట్టాల్సిన వాచ్‌మన్ ఎవరిదో కొరియర్ పట్టుకుని ఐదో ఫ్లోరులో ఉంటాడు. అక్కడ ఒక ఆటోమేటిక్ స్విచ్ పెట్టించండి. ఇంకొకటి, చప్పుడు లేకుండా కారే ఫ్లష్ ట్యాంకు. రాత్రి పడుకునే ముందు అందులో చిటికెడు మిఠాయి రంగు వెయ్యండి. పొద్దున ఎవరూ ఫ్లష్ నొక్కకముందే కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి వాషర్ పోయినట్టే. ప్లంబర్ వచ్చేదాకా పక్కనున్న వాల్వు కట్టేసి బకెట్‌తో పొయ్యండి.