చిప్ లేదని మొరాయింపు!
ప్రింటర్ నాది, డబ్బు నాది. బయట దొరికే కార్ట్రిడ్జ్ పెడితే మాత్రం ‘ఇది చెల్లదు’ అంటూ మొరాయిస్తుంది. లోపల ఇంకు నిండుగానే ఉంది, కంపెనీ చిప్ లేదు, అంతే! దీనికి మేధోసంపత్తి రక్షణ అని ముద్దుపేరొకటి. ఏళ్ల తరబడి ఖర్చుపెట్టి మందు కనిపెట్టినవాడికి 20 ఏళ్ల పేటెంట్ ఇవ్వండి, కాదనను. ఒక్క క్లిక్కుతో కొనడం కూడా ఆవిష్కరణేనా? అమెరికాలో అమెజాన్‌కి 1999లో దానికీ పేటెంట్ ఇచ్చేశారు, 2017 దాకా నడిచింది. ప్లాస్టిక్ కరిగించి పొరలుగా పేర్చే త్రీడీ ప్రింటింగ్ సంగతి చూడండి. అసలు పేటెంట్ 2009లో ముగిశాక చవక యంత్రాలు వరుసకట్టి వచ్చాయి, మామూలు మనుషుల బల్లల మీదికి చేరాయి. అన్నేళ్లు తాళం వేసి ఎవరిని ఉద్ధరించినట్టు?