పిడికెడు బియ్యం ఎటు నుంచి ఎటు వెళ్ళింది

గత రెండు నెలల్లో ఒకే సందేశం నా ఫోన్‌కు పదకొండు సార్లు వచ్చింది. పంపినవారిలో నాతోపాటు మహబూబాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయులున్నారు, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసిన చిన్ననాటి స్నేహితుడున్నాడు, చివరికి మా మేనల్లుడు కూడా ఉన్నాడు. సందేశం సారాంశం ఇది: పేద పల్లెలను చర్చిలు బాగుచేశాయన్నది పచ్చి అబద్ధం, అంతా విదేశీ డబ్బు, మన గుళ్ళ హుండీ సొమ్ము కూడా వాళ్ళకే పోతోంది, బడులు, ఆసుపత్రులు వట్టి ఎర, మాల మాదిగలు బియ్యం బస్తాకు ఆశపడి మతం అమ్ముకున్నారు. నేను క్రైస్తవుణ్ణి కాను. రెండేళ్ళకోసారి మేడారానికి బెల్లం మోసుకెళ్ళి సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం చెల్లించే ఇల్లు మాది. అయినా పన్నెండోసారి ఈ సందేశం రాకముందే జవాబు రాయాలనిపించింది.

హుండీ మాట ముందుగా తీసి పక్కన పెడదాం. గుళ్ళ ఆదాయం 1987 నాటి దేవాదాయ చట్టం కింద నడుస్తుంది, దానిని చర్చిలకు పంచే పద్దు అందులో లేదు. ప్రభుత్వం క్రిస్మస్‌కు బట్టలు పంచినది బడ్జెట్ నుంచి, బతుకమ్మ చీరలు పంచినట్టే. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

విదేశీ డబ్బు రాలేదని నేను అనను, వచ్చింది. ఇప్పుడైతే ఆ డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల చట్టానికి లోబడే రావాలి. 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖ ద్వారా రావాలి, కార్యాలయ ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కేంద్ర హోం శాఖ కళ్ళముందు నడిచే లెక్కను రహస్య ధనమని పిలవడం సరికాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మన పక్కనే ఉంది. డోర్నకల్ ప్రాంతానికి క్రైస్తవ ప్రచారకులను పంపిన సంఘాల్లో ఒకటి 1903లో తిరునెల్వేలి తమిళులు తమ సొంత చందాలతో పెట్టుకున్నది. ఆ సంఘానికి పునాది వేసినవారిలో ఒకరైన అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్ స్టేషన్‌లో ఎన్నోసార్లు రైలు మారిన నా స్నేహితుడికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

ఇక ఎర మాట. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రిని ఇసాబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు నడిపింది. సొంత బిడ్డలే ఊరవతలకు వెళ్ళగొట్టిన మనుషుల పుండ్లు కడిగి మందు వేసిన చోటు అది. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తంలో దానం చేసినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. ఎవరిని పట్టడానికి వేసిన ఎర అది? నర్సాగౌడ్‌గారికి అది వైద్యంగా కనిపించింది. వంద సంవత్సరాల తర్వాత, ఒళ్ళు ఏమాత్రం కందకుండా, ఫోన్ మీద వేలు ఆనించి దానిని ఎర అనేవాళ్ళు ఆయన కంటే ఎక్కువ హిందువులా?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం బియ్యం బస్తా మాట. ఎందుకంటే మిగతావన్నీ సంస్థల మీద నిందలు, ఇది మనుషుల మీద నింద. తరతరాలుగా వెట్టి చేసిన వాళ్ళను, తినడానికి లేనివాళ్ళు కనుక ఆత్మ కూడా లేనివాళ్ళని చెప్పే మాట ఇది.

సందేశంలో దీనికి రుజువుగా ఒంగోలు మిషన్ సంగతి చూపించారు: కరువు కాలంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారట. అంకె నిజమే, తేదీ 1878 జూలై 3. కానీ ఆ మిషన్‌ను నడిపిన క్లౌ అనే అమెరికన్, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో వచ్చినవారికి కూలి ఇచ్చినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వడం నిలిపివేశాడు. కూటి కోసం వస్తున్నారో నమ్మకంతో వస్తున్నారో తేలాలనే ఆపాడు. ఆ పని ముగిశాక కూడా జనం వచ్చారు. రుజువుగా తెచ్చిన అంకె ఆరోపణకే ఎదురు తిరిగింది. కష్టకాలంలో దిక్కు చూపినవాళ్ళ మీద వాళ్ళకు గురి కుదిరి ఉంటుంది, కాదనను. పిల్లాడికి జ్వరం తగ్గితే మొక్కు చెల్లిస్తానని మనం అమ్మవారికి చెప్పుకోమా? ఆపదలో దేవుణ్ణి వెతుక్కోవడం మన ఇంట్లో భక్తి, మాదిగవాడలో అమ్మకం ఎట్లా అవుతుంది?

బియ్యమే కారణమైతే 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన నాడే ఆ వాడల్లో చర్చిలు ఖాళీ కావాలి. పైగా ఈ బేరంలో లాభమెక్కడుంది? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులస్థుడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది, అట్రాసిటీ చట్టం రక్షణ పోతుంది. మిగిలేది బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే చాలామంది కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్నారన్నది నిజమే, మా బడి రిజిస్టర్లలో అట్లా నేనే ఎన్నోసార్లు రాశాను. అది కూడా పోగొట్టుకోవలసినదాని బరువునే చెబుతుంది.

డోర్నకల్‌కు దగ్గరి పల్లెలో పనిచేసిన రోజుల్లో, వయోజన విద్య తరగతికి పిలవడానికి ఒక సాయంత్రం ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. కైకిలికి పోయి వచ్చి పొయ్యి ముట్టించింది. చేటలో బియ్యం పోసి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు అందులోంచి పిడికెడు తీసి గోడవారన ఉన్న మసిబట్టిన గురిగిలో వేసింది. ఎందుకని అడిగాను. "దేవునిది సారూ, ఆయితారం గుడికి కొంచవోత. ఉన్ననాడే గాదు, లేనినాడు సుత పిరికెడు తీస్త" అన్నది. అజరయ్య కాలం నాటి డోర్నకల్ పల్లెల్లో పాదుకున్న ఆనవాయితీ అది. వాడలో పిల్లలకు అక్షరాలు చెప్పిన ఉపదేశకుడి కడుపు నింపింది అట్లాంటి గురిగులే. బియ్యం ఆ ఇంటి నుంచి చర్చికి వెళ్ళింది. ఉర్దూయే రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలు తెలుగు చదవడం నేర్చుకున్నది అట్లాంటి చోట్లనే. నేర్చుకున్నవాడు ముందుగా పాటల పుస్తకం చదివాడు, తర్వాత అప్పు కాగితం చదివాడు. పల్లె అభివృద్ధి అని మనం పిలిచేది అక్కడ మొదలైంది.

చర్చి చేయనివి కూడా చెప్పాలి, ఎందుకంటే సందేశం పంపినవాళ్ళకు ఈ సంగతులు తట్టలేదు. భూమి జోలికి చర్చి పోలేదు. నిజాం అనుమతితో నడిచిన మిషన్లు దొరలతో తగాదా పెట్టుకోలేదు. వెట్టిని విరగ్గొట్టిన పోరాటం ఊళ్ళల్లో జనం సంఘమని పిలుచుకున్న ఆంధ్ర మహాసభది. కులమూ చర్చి గుమ్మం దగ్గర ఆగలేదు, మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఉన్న ఊళ్ళు నాకు తెలుసు. పట్టణాల్లో క్రైస్తవ సంస్థల పేరుతో నడిచే కొన్ని బడుల ఫీజులు ఆ పెద్దమ్మ మనవళ్ళకు అందేవి కావు. అన్నిటికంటే ఘోరం ప్రార్థనతోనే రోగం పోతుందని చెప్పే కొందరు స్వతంత్ర పాస్టర్లు. నా పాత విద్యార్థి తండ్రి అట్లాంటి ఒకరి మాట విని క్షయ మాత్రలు మధ్యలో మానేశాడు. ఆరు నెలల కోర్సులో రెండు నెలలే మింగాడు, ఆ ఏడాది చివరికి మనిషి లేడు. డిచ్‌పల్లిలో పుండ్లు కడిగినవాళ్ళ పేరు చెప్పుకునేవాళ్ళు ఈ పని చేయడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది.

వీటి మీద ఎంత చర్చకైనా నేను సిద్ధం. అయితే మా మేనల్లుడితో సహా ఆ పదకొండు మందిని నేను కోరేది, బియ్యం బస్తా అన్న ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కు తీసుకొమ్మని.