విష్ణుక్రాంతానికి మొదటి ఏడాది నీరు అవసరమే
విష్ణుక్రాంతం కరవును తట్టుకునే మొక్క కనుక నాటిన రోజు నుంచే నీరు పోయనక్కరలేదని ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. తిరుపతిలో మా పెరటి గరప నేలలో ఫిబ్రవరిలో నాటిన మొక్కలు, వేరు లోతుకు దిగకముందే ఎండలు ముదరడంతో, ఒక్కటీ మిగలలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక, ఎరువేమీ వేయకుండా గింజలు చల్లి, ఆ తొలి వేసవి పొడవునా వారానికొకసారి తడిపాను. మూడేళ్లుగా అవి నేలనంటి పాకుతూ, ఉదయం వేళ లేత నీలిరంగు పూలు పూసి మధ్యాహ్నానికి ముడుచుకుంటున్నాయి. నర్సరీల్లో ఇదే పేరుతో తరచుగా అమ్మే పెద్ద పూల మొక్క మాత్రం బ్రెజిల్ జాతిది. వినాయక చవితి పత్రిలో చేరే మన విష్ణుక్రాంతం పువ్వు దానికంటే ఎంతో చిన్నది.