లాభం అందామా, గిట్టుబాటు అందామా?

(పాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ఒకటి, సభ్యులంతా ఆడవాళ్లే. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో పంచడానికి నాలుగు పేజీల నివేదిక రాస్తోంది అక్కడ పనిచేసే అమ్మాయి. సహకార శాఖలో ఆడిటర్‌గా చేసి రిటైరైన బాబాయి దాన్ని చూసి పెడుతున్నాడు. గొడవంతా మొదటి పేజీ హెడ్డింగ్ దగ్గరే.)

బాబాయి: "సంస్థ వల్ల సభ్యులకు కలిగిన సామాజిక, ఆర్థిక ప్రయోజనాలు"... ఇదేం హెడ్డింగ్ అమ్మా, సర్కారు జీవోలా ఉంది. సాయంత్రం గేదెకు గడ్డేసి వచ్చి కూర్చున్న ఆవిడకు దీంట్లో ఏం తెలుస్తుంది? లాభం అని రాసి, పక్కన ఎంతో రాయి. అయిపోతుంది.

అమ్మాయి: లాభం అంటేనే తప్పు తోవ పట్టిస్తుంది బాబాయ్. మనం లీటరుకు రూపాయి రేటు పెంచామనుకోండి, ఆ రూపాయి ఏడాది పొడుగునా సభ్యుల ఖాతాల్లో పడిపోయి, చివరికి కంపెనీ పుస్తకంలో లాభం తగ్గినట్టు కనిపిస్తుంది. అదే రేటు తొక్కిపెట్టి ఉంటే లాభం ఘనంగా ఉండేది. ఆ ఒక్క అంకె చూసి సభలో లేచి తిట్టేది ఎవర్ని? నన్నే.

బాబాయి: ఇది చట్టం రాసినవాళ్లకు తెలియదా? 2002లో కంపెనీల చట్టంలో మీలాంటి సంస్థల కోసం ప్రత్యేక భాగం చేర్చినప్పుడే సభ్యులకు చేరే డబ్బును విడదీసి పెట్టారు. సరుకు తీసుకున్నప్పుడు కొంత ఆపి తర్వాత ఇచ్చే ధర ఒకటి, షేరు డబ్బు మీద పరిమితికి లోబడి ఇచ్చే రాబడి ఒకటి, ఎవరెంత వ్యాపారం చేశారో దాన్ని బట్టి ఇచ్చే బోనస్ ఒకటి. రేటుతో పాటు ఆ మూడూ రాయి, నేనొద్దనను. నాకు పడనిది ఆ 'సామాజిక' అన్న తోక.

అమ్మాయి: ఆ తోకలో ఏముందో మా కేంద్రంలో ఒక్క పూట నిలబడితే కనిపిస్తుంది. పాలు పోయగానే మిషన్ నుంచి చీటీ వస్తుంది, 3.2 లీటర్లు, ఫ్యాట్ 6.4, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే గట్టి పదార్థం) 8.8, రేటు, మొత్తం. పాతికేళ్లుగా పాలు పోస్తున్న ఆవిడ ఆ చీటీ తీసుకుని రెండుసార్లు చూసి, మడిచి కొంగుకు కట్టుకుంటుంది. అంతకుముందు పాలాయన కళ్లతో చూసి "ఇవ్వాళ పల్చగా ఉన్నాయక్కా" అంటే అదే లెక్క. అడ్వాన్సు తీసుకున్నాక ఆయన చెప్పిందే రేటు, బాకీ తీరేదాకా గేదె మీది, పాలు ఆయనవి. ఇప్పుడు డబ్బు ఆవిడ పేరున ఉన్న ఖాతాలో పడుతుంది. దీన్ని ఏ గడిలో రాయమంటారు?

బాబాయి: రాయొద్దనడం లేదు. దాన్ని అడ్డం పెట్టుకుంటారేమోనని నా భయం. నేను ఆడిట్‌కు వెళ్లిన ఒక సంఘంలో ఆ ఏడాది రేటు పడిపోయింది, నివేదిక నిండా మాత్రం మహిళా సాధికారత, శాలువాలు, ఫోటోలు. రేటు సంగతి వెతుక్కుంటే చివరి పేజీలో సన్న అక్షరాల్లో ఉంది. పెద్ద కంపెనీలే తీసుకో, 2013 కంపెనీల చట్టంలోని సామాజిక బాధ్యత నిబంధన కిందికి వచ్చేవి గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం దానికి ఖర్చు పెట్టాలి. ఖర్చు పైసలతో సహా తేలుతుంది, ఊళ్లో ఏం మారిందో మాత్రం ఫ్లెక్సీ మీద తేలుతుంది.

అమ్మాయి: ఫ్లెక్సీలంటే నాకూ చిరాకే. కానీ 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి పాలు పోసేది లేదని సమ్మె చేసినప్పుడు ఒక్క రేటు కోసమే చేశారా? మా పాలు మేమే అమ్ముకుంటామన్నారు. అమూల్ పుట్టింది అక్కడే కదా.

బాబాయి: ఆ హక్కుతో వాళ్లు రేటు తెచ్చుకున్నారు కాబట్టే అది నిలబడింది. రేటు రాకపోతే హక్కును ఎవరు మోస్తారు?

అమ్మాయి: సరే, మా ఆడవాళ్లు వాడే మాటే పెడతాను. కొత్తగా చేరేవాళ్లెవరూ లాభం ఎంత అని అడగరు, "మీకు పోస్తే గిట్టుతుందా?" అంటారు. అందులో రేటూ ఉంది, డబ్బు ఏ రోజు పడుతుందన్నదీ ఉంది, చలికాలంలో పాలు పొంగినప్పుడు వద్దనకుండా తీసుకుంటారా అన్నదీ ఉంది. ఎండాకాలంలో పాలు తగ్గితే ప్రైవేటువాళ్లు రెండు రూపాయలు ఎక్కువిచ్చి లాక్కుంటారు, పొంగినప్పుడు ముఖం చాటేస్తారు, ఇది వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

బాబాయి: గిట్టుబాటు... బాగుంది. కానీ ఆ మాట వాడాక లెక్క చూపించాలి. దాణా, పచ్చిగడ్డి, డాక్టరు, గేదె ఎండిపోయి పాలివ్వని నెలల మేపు. అన్నిటికన్నా ముందు, తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, గడ్డి కోసి, పాలు పితికే మనిషి కూలి. ఆ కూలి మీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా?

అమ్మాయి: లేదు. వేస్తే రెండు గేదెలున్న చాలామందికి గిట్టదు బాబాయ్. అంతా మైనస్‌లో కనిపిస్తుంది.

బాబాయి: మరి అది రాయి. సామాజికం అని నువ్వంటున్నది అక్కడుంది, మిగతా ఫోటోలన్నీ తర్వాత చూద్దాం.

అమ్మాయి: ఛైర్‌పర్సన్‌ గారు ఒప్పుకోరు. సభలో మైనస్ అని చదివితే రేపటి నుంచి పాలు ఎవరు పోస్తారంటారు.

బాబాయి: ఇప్పటిదాకా ఎందుకు పోస్తున్నారో వాళ్లనే అడగండి. చేతిలో రోజూ డబ్బు ఆడుతుందనో, వేరే పని లేకో, చీటీ మీద నమ్మకమో, ఏదో ఒకటి చెప్తారు. దాన్ని మైనస్ పక్కనే వేయి. అప్పుడు నీ తోకను కూడా ఒప్పుకుంటాను.

అమ్మాయి: అయితే హెడ్డింగ్ "పాలు పోస్తే గిట్టుతోందా?". కూలి వరస మీరే వేసివ్వండి, రోజుకు ఎన్ని గంటలో నేను పది ఇళ్లలో అడిగి వస్తాను. ప్రెస్‌వాడికి ఇంకో రెండు రోజులు ఆగమని చెప్తాను.