పందెం మొదలుపెట్టే గీత

ఈ ఉగాదికి ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు సంఘం జరిపిన పద్యపఠన పోటీలో ఒక చిన్నారిని పద్యం పూర్తికాకముందే వేదిక దింపివేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఆమె చేతి కాగితంలో శతక పద్యం ఒడియా లిపిలో ఉంది. తెలుగు లిపిలోనే ఉండాలన్నది నిబంధన. ఆ కాగితాన్ని నేను అడిగి తీసుకుని చూశాను. ఒడియా లిపిలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ వేర్వేరు అక్షరాలు లేవు కనుక, దీర్ఘం పలకవలసిన ప్రతిచోటా తల్లి ఎర్రసిరాతో చిన్న గుర్తు పెట్టింది. వాటిని చూసుకుంటూ ఆ పిల్ల చదివినంతవరకు ఒక్క గణం తప్పలేదు.

అభ్యంతరం చెబితే కార్యవర్గ పెద్దలొకరు, “ఎవరైనా సరే, టో ద లైన్ చేయవలసిందేనండీ” అన్నారు. ఈ ఇంగ్లీషు నుడికారాన్ని మనం ఎదురుచెప్పవద్దనడానికే వాడుతున్నాం. అధిష్ఠానం మాట జవదాటని నాయకుల గురించి పత్రికలు రాసేదీ ఆ అర్థంలోనే. దాని పాత అర్థం వేరు: పరుగుపందెంలో అందరూ ఒకే గీతకు కాలివేళ్లు ఆనించి నిలబడటం. ఎవరూ అడుగు ముందుండి మొదలుపెట్టకుండా చూసేది ఆ గీత. తెలుగు బడిలో చదివిన పిల్లలకూ, ఒడియా బడి తప్ప మరో దారి లేని పిల్లలకూ ఒకే లిపి నిబంధన పెట్టడం సమానత్వమెలా అవుతుంది?

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మన పక్క జిల్లాలోనే ఉంది. సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆయన పుస్తకాలు రాసినప్పుడు ఆ భాషను తెలుగు లిపిలోనే పెట్టారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం సహించలేక రాజమండ్రి తరలిపోయినంత తెలుగు అభిమాని ఆయన.

లిపి పోతే భాష పోతుందన్న పెద్దల భయం నిజమైనదే. మా తాతగారి ఉత్తరాలు చదవగలవారు మా ఇంటి పిల్లల్లో ఎవరూ లేరు. అయితే ఆ లోటు పెద్దలమైన మనదే. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతున్నా, దాన్ని పట్టుకుని అధికారుల చుట్టూ తిరగవలసిన మనం సన్మానాలతో సరిపెట్టుకున్నాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నిబంధనను సవరించవలసిందిగా పెద్దలను వేడుకుంటున్నాను. పిల్లలను ఏ లిపిలో రాసుకున్నా చదవనివ్వండి. మార్కులు ఉచ్చారణకూ భావానికీ వేయండి. ఆదివారాలు సంఘ భవనంలో తెలుగు అక్షరాలు నేర్పే తరగతి తెరవండి. పలకలూ వాచకాలూ నేను సమకూరుస్తాను. నేర్పడానికి విశ్రాంత ఉపాధ్యాయులు మనలో ఎందరో ఉన్నారు.