పచ్చ చీటీ

మొన్న డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం సొంతూళ్ళలో చేసిన సేవా కార్యక్రమాల్లో విశాఖ వైద్య శిబిరం మీకు గుర్తుండే ఉంటుంది. ఎంవీపీ కాలనీలో కల్యాణ మండపం, గుమ్మానికి మామిడి తోరణాలు, వేదిక మీద శాలువాలు, ప్రసంగాలు. కింద వరసగా బల్లలు. మొదటిది ఎత్తూ బరువూ చూసే బల్ల. అక్కడ కూర్చున్నది నేనే. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, ఎక్కువ వచ్చినవాళ్ళకి ఎర్ర చీటీ, అది పట్టుకుని రక్తపరీక్ష వరసలోకి. మిగతావాళ్ళకి పచ్చ చీటీ, బీపీ చూపించుకుని నేరుగా భోజనాలకి. షుగర్ స్ట్రిప్పులు అందరికీ చాలవని ముందురోజు రాత్రి మనమే అనుకున్న పద్ధతి అది.

ఆ రోజు మా తమ్ముడు గోపాలపట్నం నుంచి బండి మీద నన్ను చూడ్డానికి వచ్చాడు. ఎలాగూ వచ్చావు, వరసలో నిలబడమన్నాను. నలభై నాలుగేళ్ళు, అయిదడుగుల ఏడంగుళాలు, 64 కిలోలు. లెక్క 22 దగ్గర తేలింది. మనవాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు. "నీకేంట్రా, వెదురు కర్రలా ఉన్నావు" అని నా చేత్తో పచ్చ చీటీ ఇచ్చాను. "అయితే భోజనాలెటు అప్పా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో వాడికి కొత్త చెప్పు కరిచింది. ఆ పుండు మూడు వారాలైనా మానలేదు. డాక్టరు రక్తపరీక్ష రాశారు. పరగడుపున షుగర్ 218. హెచ్‌బీఏ1సీ 9.6. రెండూ షుగర్ జబ్బు హద్దు బాగా దాటినవే. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. హెచ్‌బీఏ1సీ అంటే రక్తంలో చక్కెరకి ఇంచుమించు గడిచిన మూడు నెలల సగటు. నేను పచ్చ చీటీ ఇచ్చిన రోజు కూడా ఆ సగటులో ఉంది. డల్లాస్‌లో అర్ధరాత్రి ఫోన్లో ఆ రిపోర్టు తెరిచి చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చీటీయే.

మర్నాడు వీడియో కాల్‌లో వాడి నడుం కొలవమని అమ్మని అడిగాను. కుట్టుమిషను సొరుగులోంచి పసుపు టేపు తీసింది. అంగుళాల వైపు అంకెలన్నీ అరిగిపోయాయి, సెంటీమీటర్ల వైపు మాత్రం కనబడుతున్నాయి. "32 పాంటే కదే వాడిది, కొలిచేదేముంది" అంది. ఆ పాంటు పొట్ట కింద కట్టేది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన టేపు చుట్టమన్నాను. వాడు ఊపిరి బిగబట్టాడు. "వదల్రా" అన్నాను. వదిలాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, టేపు మీద బొటనవేలు నొక్కిపెట్టి చదివింది, 94. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటకూడదని మన దేశపు వైద్యులు 2009లోనే చెప్పారు. చొక్కా బయటికి వదిలి తిరిగే మనిషికి ఆ పొట్ట ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు.

తూకానికి తెలిసేది మొత్తం బరువు ఒక్కటే. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది దానికి తెలీదు. పుణె కేఈఎం ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పక్కపక్కన నిలబడి ఫొటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మా తమ్ముడి ఫొటో ఆ పేజీలో పెట్టినా సరిపోతుంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండు పిల్లలతో పోల్చి చూస్తే బరువులో బాగా తక్కువున్నా, తగ్గింది ఎక్కువగా కండేననీ కొవ్వు అంతగా తగ్గలేదనీ కూడా యాజ్ఞిక్ బృందమే చూపింది. అంటే మనలో చాలామంది తక్కువ కండతోనే బతుకు మొదలుపెడుతున్నాం. ఉన్న ఆ కాస్తనీ కుర్చీలో కూర్చుని కరగబెట్టుకుంటున్నాం.

ఇక్కడ ఇంటి సంగతి చెప్పాలి. అమ్మని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఇంట్లో వాణ్ణి ఎవరూ ఎప్పుడూ కదలనివ్వలేదు. మంచినీళ్ళ క్యాను వస్తే వాడు వంగేలోపు "నువ్వుండు నాన్నా" అని అమ్మే గుమ్మం దాకా వెళ్ళి ఎత్తుకొస్తుంది. కాఫీ చేతికి, కంచం కుర్చీ దగ్గరికి, తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి గిన్నె కూడా అక్కడికే. వీధి మలుపులో పాల ప్యాకెట్టుకి బండి తీస్తాడు. పగలంతా ఆఫీసు కుర్చీ, రాత్రి సోఫా. అది ప్రేమే. నేను వెళ్ళినప్పుడు నాకూ అలాగే చేస్తుంది, నేనూ చేయించుకుంటాను. మా నాయనమ్మ అదే ఇంట్లో మాకు రెండింతలు అన్నం తినేది. అయితే బావిలో నీళ్ళు తోడేది, గెడ్డకి బట్టలు మోసేది, చంకలో నన్నెత్తుకుని సింహాచలం మెట్లెక్కేది. ఇవాళ అరవై ఎనిమిదేళ్ళ అమ్మకి షుగర్ లేదు. నలభై నాలుగేళ్ళ కొడుక్కి వచ్చింది. ఆ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో చూస్తే నాకు కారణం వెతుక్కోవాల్సిన పనిలేదు.

వాడేమీ నడవలేని మనిషి కాదు. ఏటా ఆషాఢంలో సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణ చేస్తాడు. కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఎన్ఏడీ మీదుగా మళ్ళీ కొండ కిందికి, మొత్తం 32 కిలోమీటర్లు. "అంత నడిచేవాడికి జబ్బేటి" అని చుట్టాలు ఇప్పటికీ నమ్మడం లేదు. ఆ భక్తికి దణ్ణం పెడతాను, పెళ్ళికాక ముందు నేనూ వాడి పక్కన నడిచినదాన్నే. కానీ మర్నాడు కాళ్ళకి నూనె రాసుకుని పడుకుంటే మళ్ళీ ఆషాఢం దాకా ఆ కాళ్ళకి పనిలేదు.

అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన చక్కెరని ఎక్కువగా దాచుకునే చోటు కండ, అందులోనూ తొడలూ పిరుదులూ. కండ తక్కువై, ఉన్నదీ కదలకపోతే ఆ చక్కెర రక్తంలో తిరుగుతుంది, కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. అదే కండ పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా చక్కెరని లాక్కోగలదు. ఇంకో సంగతి నాకు చాలా ఊరటనిచ్చింది. క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే తూకంలో ఒక్క కిలో తగ్గకపోయినా పొట్ట లోపలి కొవ్వూ కాలేయంలోని కొవ్వూ తగ్గగలవు. సన్నటివాళ్ళకి కావలసింది కూడా అదే కదా, బరువు తగ్గించుకోవడం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ, వారంలో కనీసం రెండు రోజులు కండకి బలమిచ్చే వ్యాయామం చెప్పింది. మన దేశపు నిపుణులు మనవాళ్ళకి రోజుకో గంట కావాలంటున్నారు.

ఏప్రిల్ కార్యవర్గ సమావేశంలో ఈ మాట ఎత్తాను. మన బోర్డులోని డాక్టరుగారు ఓపిగ్గా సమాధానం చెప్పారు. స్ట్రిప్పులు తక్కువున్నప్పుడు లావుగా ఉన్నవాళ్ళని ముందు చూడ్డమే సబబని, జబ్బు ఎక్కువగా దొరికేది అక్కడేనని, సన్నగా ఉన్న ప్రతివాణ్ణీ భయపెట్టకూడదని అన్నారు. నిజమే. సన్నటివాళ్ళందరికీ లోపల కొవ్వు ఉండదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనేదాన్నేమో. కానీ పరీక్ష చెయ్యకపోవడం వేరు, పచ్చ చీటీ చేతికిచ్చి "నీకేం లేదు" అని పంపడం వేరు. ఆ చీటీ లేకపోతే మా వాడు పుండు పడకముందే ఎక్కడో ఒకచోట పరీక్ష చేయించుకునేవాడేమో. చీటీ ఉంది కాబట్టి రాత్రిళ్ళు నాలుగుసార్లు లేస్తున్నా నీళ్ళెక్కువ తాగుతున్నాననుకున్నాడు. ఆ చీటీని పర్సులో పెట్టుకుని తిరిగాడు. నాకు తీసి చూపించాడు.

అందుకే అడుగుతున్నాను. వచ్చే డిసెంబరుకి ఆ రంగుల చీటీలు వద్దు. బరువు బల్ల పక్కన నడుం కొలిచే బల్ల వేద్దాం, ఆడవాళ్ళకి వేరే తెర కట్టి ఆడవాళ్ళే కొలిచేలా. నడుం హద్దు దాటినా, అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, బరువుతో పనిలేకుండా స్ట్రిప్పు వాడదాం. స్ట్రిప్పులకి డబ్బు చాలకపోతే శాలువాలు తగ్గిద్దాం. కప్పించుకునే పెద్దలు కోప్పడరు, వాళ్ళిళ్ళల్లోనూ ఇలాంటి తమ్ముళ్ళున్నారు. మన వనభోజనాల్లో పిల్లలు పరిగెడుతుంటే మనం చెట్టు కింద పేకముక్కలు పంచుకుంటాం. ఈసారి పెద్దవాళ్ళకీ ఓ కబడ్డీ కోర్టు గియ్యండి.

మా తమ్ముడు ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్తున్నాడు, బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలే ఆ వేళకి. వారానికి మూడు రోజులు మేడ మెట్లు నీళ్ళ క్యానుతో ఎక్కి దిగుతున్నాడు. అమ్మ మొదట్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఇప్పుడు పక్కన నిలబడి లెక్కపెడుతోంది. మొన్న టేపు 91 చూపించిందట, తూకంలో మాత్రం ఒక్క కిలోయే తేడా.

ఈసారి నాకు బరువు బల్ల ఇవ్వకండి. పక్క బల్ల ఇవ్వండి. టేపు అమ్మ సొరుగులోంచి నేను తెస్తాను.