తుపాకీకి ఓపిక, కుర్రాడికి స్టాప్‌వాచీ

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున తెల్లవారకముందే పరిగెత్తే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు మన సైన్యం కోసం ఇక్కడే రూపొందించిన ఇన్సాస్ రైఫిలు మీద అసూయ కలుగుతుంది. సైన్యంలో చేరాలంటే కుర్రాడు 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగించాలి, అప్పుడే పూర్తి మార్కులు. ఇన్సాస్‌కు ఎవరూ వాచీ పట్టలేదు. 1980ల తొలినాళ్ళలో పుణేలోని ఆయుధ పరిశోధన సంస్థలో బయలుదేరిన ఆ మహానుభావుడు సైనికుల చేతికి చేరేసరికి 1990లు సగం దాటాయి.

తొందర ఎంత చేటో రష్యావాళ్ళను చూసి తెలుసుకోవాలి. 1941లో గాయపడిన ట్యాంకు సార్జెంటు కలాష్నికోవ్ ఆస్పత్రి మంచం మీదే తుపాకీ గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. 1949కల్లా సైన్యం ఆయన తుపాకీని, అంటే ఏకే-47ను, తీసేసుకుంది. ఎనిమిదేళ్ళు! మనం అలా దిగజారలేదు. ఆ తుపాకీ లోపలి యంత్రాంగాన్నే చాలావరకు చూసి రాసుకోవడానికి కూడా పదేళ్ళు దాటించాం.

మా వీధి మామయ్య మాజీ హవల్దారు. 1999 కార్గిల్ చలికి ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజీన్లు, అంటే తూటాలు నింపే పెట్టెలు, పగిలిన సంగతి చెప్పాలంటే ఆయన ఫ్రిజ్‌లోంచి పెరుగు డబ్బా తెచ్చి, అంచున పడిన బీట మీద గోరు పెట్టి చూపిస్తాడు. పుణేలో మంచు పడదు కదా, పాపం వాళ్ళకేం తెలుసు? పేల్చినవాడి కళ్ళలోకి నూనె చిమ్ముతుందన్న ఫిర్యాదూ ఉంది. గారెలు వేసే చేతులున్న ఇళ్ళలో దాన్ని దోషంగా లెక్కించరు.

ఇన్సాస్‌కు ముందు వాడిన పాత ఎస్ఎల్ఆర్ రైఫిలు గుండు లావు 7.62 మిల్లీమీటర్లు. చిన్న గుండు చాలని, శత్రువు గాయపడితే మోయడానికి మరో ఇద్దరు కావాలని లెక్కలు చెప్పి ఇన్సాస్‌తో 5.56కు దిగాం. ఇప్పుడు అమేఠీ జిల్లా కోర్వాలో తయారయ్యే కలాష్నికోవ్ వంశపు ఏకే-203తో మళ్ళీ 7.62కు వచ్చాం. తూటా పొడవు వేరు, లావు అదే. అరసవల్లిలో ప్రదక్షిణం చేసినా ఇంతకన్నా త్వరగా బయలుదేరిన చోటికి వస్తాం.

ఇనుముకు ఇంత గడువిచ్చిన దేశం 2022 నుంచి అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరే కుర్రాడికి నాలుగేళ్ళే ఇస్తోంది. ఆ తరువాత నూటికి 25 మందికి మించి ఉంచుకోదు. కాబట్టి నా మనవి: అగ్నిపథ్‌ను తుపాకులకు వర్తింపజేయండి. నాలుగేళ్ళలో కుదరని నమూనాకు, కుర్రాళ్ళకు వెళ్ళేటప్పుడు ఇచ్చే సేవానిధి సొమ్ములాగే, చెక్కు చేతిలో పెట్టి, శాలువా కప్పి పంపేయండి. కుర్రాళ్ళ మీద మాత్రం కమిటీలు వేసి, పదిహేనేళ్ళు పరిశీలించండి.

నిన్న ఒకడు ఐదు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లకు వచ్చాడు. “ఎనిమిది ఎక్కువరా,” అన్నాడు మామయ్య వాచీ చూపిస్తూ. వాడు కాసేపు మోకాళ్ళు పట్టుకుని వంగి నిలబడి, మళ్ళీ గీత దగ్గరికి నడిచాడు.